గెరిజీము కొండమీద పస్కా రాత్రి

ఇజ్రాయెల్‌లోని హోలోన్‌లో నేను ఏడేళ్ళు కనిపెట్టుకుని ఉన్న పెద్దాయన బాగ్దాదులో పుట్టినవాడు. 1951లో ఇరాక్ యూదులు విమానాల్లో తరలి వచ్చినప్పుడు అమ్మానాన్నలతో వచ్చేశాడు. ముప్పై ఏళ్ళపైన బస్సు నడిపాడు. నేను ఆయన్ని ‘సబా’ అనేవాణ్ణి. హీబ్రూలో తాత అని. ప్రతి మంగళవారం సాయంత్రం ఆయన స్నేహితుడొకాయన వచ్చేవాడు. ఇద్దరూ షెష్-బెష్ పలక ముందేసుకుని, పాచికలు విసురుతూ, నేనిచ్చిన టీ తాగుతూ, అరబ్బీలో పోట్లాడుకుంటూ కూర్చునేవాళ్ళు.

ఆ స్నేహితుడు సమరయుడని తెలిసిన రోజు నేను కప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మాది తెనాలి దగ్గర పల్లె. లూథరన్ గుడి, ఆదివారం బడి. మంచి సమరయుడి కథ నాటకం వేస్తే దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషి వేషం నాది. సమరయులంటే నా మనసులో ఫరోలాగా, గొల్యాతులాగా పుస్తకంలో ఉండిపోయినవాళ్ళు. ఆ జాతి మనిషి మా సోఫాలో కూర్చుని, చక్కెర తక్కువైందని నాకేసి చూస్తున్నాడు.

ఆయన ఇల్లు మాకు పది నిమిషాల నడక. నెవే పిన్హాస్ అంటారు ఆ పేటని. ఇజ్రాయెల్ రెండో అధ్యక్షుడు యిత్జాక్ బెన్-జ్వీ చొరవతో 1950లలో సమరయుల కోసం కట్టిన పేట. ప్రపంచంలో ఇంకెక్కడా లేరు వీళ్ళు. సగం మంది అక్కడ, మిగతా సగం నాబ్లస్ పట్టణం పక్కన గెరిజీము కొండమీద కిర్యత్ లూజా అనే ఊళ్ళో. రెండూ కలిపినా సుమారు తొమ్మిది వందల మందే. మా మండలంలో చిన్న పల్లెకి కూడా అంతకన్నా జనాభా ఉంటుంది.

ఇద్దరు ముసలివాళ్ళ పోట్లాట ఏటా పస్కాకి ముందు ముదిరేది. ముందు తేదీ మీద. యూదుల లెక్క వేరు, సమరయుల లెక్క వేరు. వీళ్ళ ప్రధాన యాజకుడు ఏడాదికి రెండుసార్లు పంచాంగం కట్టి ఇంటింటికీ ఇస్తాడు, ప్రతి మగవాడూ అర తులం కానుక చెల్లించి తీసుకుంటాడు. అందుకని కొన్నేళ్ళు రెండు పస్కాలూ దగ్గరగా వస్తాయి, కొన్నేళ్ళు నెల ఎడం. తేదీ గొడవ తేలకముందే అసలు గొడవలోకి దిగేవాళ్ళు. పస్కా ఎక్కడ చెయ్యాలి?

మన ద్వితీయోపదేశకాండంలో మోషే పదేపదే చెప్పే మాట ఒకటుంది. పస్కా పశువుని మీ మీ ఊళ్ళలో వధించకూడదు, దేవుడు తన పేరు నిలపడానికి ఏర్పరచుకొనే స్థలంలోనే వధించాలి అని. ఆ స్థలం పేరు మాత్రం యూదుల ప్రతిలో చెప్పలేదు. యూదులు చదివే హీబ్రూ ప్రతిలో ఆ క్రియ ‘యివ్‌హర్’, అంటే ఏర్పరచుకుంటాడు, ఇక ముందు. సమరయుల ప్రతిలో ‘బాహర్’, ఏర్పరచుకున్నాడు, అయిపోయింది. తేడా యోద్ అనే ఒక్క అక్షరం, హీబ్రూలో అన్నింటికన్నా చిన్నది. మన తెలుగు బైబిల్లో కొండమీది ప్రసంగం దగ్గర ‘పొల్లు’ అని వచ్చేది ఆ అక్షరమే. ‘ఏర్పరచుకుంటాడు’ అని చదివితే దావీదు, సొలొమోనుల దాకా ఆగి యెరూషలేము చేరొచ్చు. ‘ఏర్పరచుకున్నాడు’ అని చదివితే మోషే నాటికే తేలిపోయిన చోటు కావాలి. మోషే అయిదు పుస్తకాల్లో యెరూషలేము అన్న పేరే రాదు. గెరిజీము వస్తుంది, దీవెన పలకాల్సిన కొండగా. ఎదురుగా ఏబాలు, శాపం పలకాల్సిన కొండ. సమరయులు ఆ అయిదు పుస్తకాలు తప్ప మరేదీ ఒప్పుకోరు. కనుక దావీదు వాళ్ళకి రుజువు కాడు.

“ఒక్క చిన్న అక్షరం కోసం రెండున్నర వేల ఏళ్ళు కొట్టుకుంటారా?” అని నేనొకసారి అన్నాను. ఇద్దరూ పాచికలు ఆపి ఒకేసారి నావైపు తిరిగారు. ఆ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే పక్షం.

కొట్టుకున్నది నోటితో మాత్రమే కాదు. గెరిజీము శిఖరం మీద క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే సమరయుల ఆలయం ఉండేదని తవ్వకాల్లో బయటపడింది. 1982 నుంచి ఏళ్ళ తరబడి యిత్జాక్ మాగెన్ తవ్వించాడు. ఆ ఆలయాన్ని కూల్చింది యూదుల పాలకుడు, ప్రధాన యాజకుడు కూడా అయిన యోహాను హిర్కాను, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం చివర. మరో నూట నలభై ఏళ్ళకి యేసు ఈ కొండ కిందనే యాకోబు బావి దగ్గర కూర్చున్నప్పుడు, నీళ్ళకొచ్చిన సమరయ స్త్రీ అడిగింది సరిగ్గా ఈ తగువే. మా పితరులు ఈ కొండమీద ఆరాధించారు, మీరేమో యెరూషలేము అంటారు, ఏది నిజం అని. ఆమె ఆ ప్రశ్న వేసేనాటికి కొండమీద గుడి లేదు, రాళ్ళే. మా నాన్న ఆ అధ్యాయం వందసార్లు చదివి వినిపించి ఉంటాడు. ఆమె చెయ్యి చూపించిన చోట శిథిలాలున్నాయని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత క్రైస్తవులూ తక్కువ చెయ్యలేదు, ఈ మాట నేను క్రైస్తవుణ్ణిగా ఒప్పుకోవాలి. 484లో జీనో చక్రవర్తి సమరయుల తిరుగుబాటు అణచి, వాళ్ళ పవిత్ర శిఖరం మీదనే మరియమ్మ పేరున ఎనిమిది మూలల చర్చి కట్టించాడు. దాని పునాదులు ఈనాటికీ కనబడతాయి. 529లో జస్టీనియన్ కాలంలో మళ్ళీ తిరగబడితే వేలకు వేలు చంపారు. ఒట్టోమన్ల పాలనలో 18వ శతాబ్దం చివర నుంచి కొన్ని దశాబ్దాలు వీళ్ళని కొండ ఎక్కనివ్వలేదు, వీళ్ళు కింద నాబ్లస్‌లోనే బలి కానిచ్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి మొత్తం జాతి 150కి లోపే మిగిలింది.

నూట యాభై మంది అంటే నాలుగు పెళ్ళి బృందాలు కూడా కావు. అంత తక్కువమంది ఎలా నిలిచారు? నేను ఏడేళ్ళు చూసి అనుకున్నది ఇది. మతం వాళ్ళ చేత ఒక పని తప్పనిసరి చేసింది. ఏడాదికొక సాయంత్రం జాతి మొత్తం ఒకేచోట నిలబడాలి. పస్కా బలికి కొండమీద ఉండటం, పవిత్ర దేశం దాటి కాపురం పెట్టకపోవడం, విశ్రాంతిదినం, శుద్ధి నియమాలు, ఈ నాలుగూ పాటించినవాడే సమరయుడని వాళ్ళ లెక్క. ఎటు వెళ్ళినా పస్కాకి కొండకి చేరాల్సినవాడు ఎంత దూరం పోగలడు? 1948 నుంచి 1967 దాకా హోలోన్ ఇజ్రాయెల్‌లో, నాబ్లస్ జోర్డాన్‌లో ఉండిపోయాయి. 1950ల నుంచి పస్కాకి మాత్రం వీళ్ళని సరిహద్దు దాటనిచ్చేవారు. “మా అమ్మమ్మని నేను ఏడాదికి ఒక్కసారే చూసేవాణ్ణి. గొర్రెల అరుపులు వినపడితే అమ్మమ్మ ఇల్లు వచ్చినట్టు” అని ఆ స్నేహితుడు చెప్పాడు. వీళ్ళు తమని తాము ‘షామెరీం’ అనుకుంటారు, అంటే కాపాడేవాళ్ళు. నాకైతే ఆ కొండే వీళ్ళని కాపాడిందనిపిస్తుంది.

చోటు పోగొట్టుకున్నవాళ్ళు పండుగని ఏంచేస్తారో కూడా ఆ రెండిళ్ళ మధ్య తిరుగుతూ చూశాను. క్రీస్తుశకం 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టాక యూదులు పస్కా గొర్రెపిల్లని మానేశారు. పండుగని భోజనబల్ల మీదికి తెచ్చుకున్నారు. సబా ఇంట్లో పస్కా పళ్ళెంలో కాల్చిన ఎముక ఒకటి పెట్టేవాణ్ణి నేనే. దాన్ని ఎవరూ తినరు, ఊరికే ఉంటుంది, ఒకప్పుడు ఇక్కడ మాంసం ఉండేదని చెప్పడానికి.

సమరయులకి అటువంటిదే పర్ణశాలల పండుగలో జరిగింది. మోషే చెప్పిన పందిరి ఆరుబయట వెయ్యాలి. బైజాంటియన్ల కాలంలో బయట వేస్తే వచ్చి కూల్చేవాళ్ళని, పందిరిని ఇంట్లోకి తెచ్చుకున్నామని వీళ్ళు చెబుతారు. స్నేహితుడి ఇంట్లో ఆ పందిరి కట్టడానికి నేనూ సాయం పట్టాను. ముందుగదిలో సామాన్లన్నీ తీసేశారు. పైకప్పు కింద ఇనప చట్రం, దానికి పండ్లు. దానిమ్మ, నారింజ, ఆపిల్, మాదీఫలం, ఒక్కొక్కటీ సన్నని తీగతో కట్టి, వరసలు వరసలుగా, రంగు తర్వాత రంగు. పైన ఖర్జూరపు మట్టలు. పండ్లే వందల కిలోలు. నిచ్చెన ఎక్కి నేను దానిమ్మ అందిస్తుంటే ఆయన కోడలు కిందనుంచి “ఆ పక్కకి, ఇంకాస్త” అంటూ సరిచేసేది. ఆమె ఉక్రెయిన్ పిల్ల. తమలో ఆడపిల్లలు చాలక బయటినుంచి వచ్చి వీళ్ళ ధర్మం పుచ్చుకున్నవాళ్ళలో ఒకరు. రాత్రి దీపం వేశాక కింద చాప మీద పడుకుని పైకి చూస్తే, మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో మామిడాకుల కింద చిన్నప్పుడు పడుకున్నంత హాయి.

ఆ పందిరి కింద ఆయన నన్ను మీ ఊరి పేరేంటని అడిగాడు. చెప్పి, మా గుంటూరు జిల్లాలోనే చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని పదుల కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటూ విశ్రాంతిదినం, పస్కా పాటిస్తున్నాయని, వాళ్ళకొక సమాజమందిరం కూడా ఉందని చెప్పాను. మాదిగ కుటుంబాలు, మొన్నమొన్నటి దాకా మాలాగే చర్చికి వెళ్ళినవాళ్ళు. తమని బేనే ఎఫ్రాయిం అనుకుంటారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. సమరయులు కూడా తమని యోసేపు కొడుకులైన ఎఫ్రాయిము, మనష్షేల సంతానమనే చెప్పుకుంటారు. “ఎఫ్రాయిమా? మరి కొండ ఎక్కడ వాళ్ళకి?” అన్నాడు చివరికి. ఎగతాళిగా కాదు. నిజంగా దిగులుపడి అడిగాడు.

చివరి ఏడాది ఏప్రిల్‌లో, సబా కూతురు వచ్చి తండ్రి దగ్గర ఉంటానంటే, నేను వాళ్ళ బస్సులో గెరిజీము వెళ్ళాను. 1862లో ఇంగ్లండు యువరాజుతో వచ్చిన మతగురువు స్టాన్లీ ఇదే బలిని చూసి రాసిపెట్టాడు. అప్పట్లో కొండమీద ఇళ్ళు లేవు, పండుగకి గుడారాలు వేసుకునేవారు. ఇప్పుడు ఊరుంది. 1980ల చివర నాబ్లస్‌లో గొడవలు పెరిగాక కింద ఉన్నవాళ్ళు కూడా పైకొచ్చి స్థిరపడ్డారు. శిఖరానికి కాస్త దిగువన కంచె వేసిన ఆవరణ, చుట్టూ చూడవచ్చినవాళ్ళు.

పొద్దు వాలుతోంది. మగవాళ్ళంతా తెల్లబట్టలు. రాతితో కట్టిన సన్నని కాలవకి అటూ ఇటూ, మోకాళ్ళ మధ్య గొర్రెపిల్లల్ని పట్టుకుని నిలబడ్డారు. నలభైకి పైనే ఉన్నాయి. చిన్నపిల్లలు వాటి మెడలు నిమురుతున్నారు. పక్కన గోతుల్లో మధ్యాహ్నం నుంచీ కట్టెలు మండుతున్నాయి. మనిషి దిగితే కనబడనంత లోతు గోతులు, లోపల రాతి గోడ. ప్రధాన యాజకుడు నిర్గమకాండం పన్నెండో అధ్యాయం పాతకాలపు హీబ్రూలో చదువుతున్నాడు, జనమంతా గొంతు కలుపుతున్నారు. సమాజమంతా సాయంకాలం వధించాలి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కత్తులు ఆడాయి. ఒక్క క్షణం. తర్వాత కేక, చప్పట్లు, ఒకర్నొకరు కౌగిలించుకోవడం. తండ్రులు వేలితో నెత్తురు తీసి పిల్లల నుదుట బొట్టులా పెట్టారు. నా పక్కనున్న స్నేహితుడి కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయనకిది డెబ్భై ఎన్నోసారో.

ఆ తర్వాత పని. తోలు ఒలవడం, లోపలిదంతా శుభ్రం చెయ్యడం, తొడ నరం తీసెయ్యడం, యాజకుల వంతుగా కుడి జబ్బ వేరుచెయ్యడం, ఉప్పు రాయడం. ఎముక విరగకూడదు. గొర్రెపిల్లని అలాగే నిలువుగా, మనిషిని మించిన పొడవున్న కర్రకి గుచ్చుతారు. కేక వినగానే అందరూ ఒక్కసారే గోతుల్లోకి దించి, పైన జల్లెడ, గోనె, తడిమట్టి వేసి మూసేశారు. ఎక్కడ సన్నగా పొగ లేస్తే అక్కడ ఒక కుర్రాడు పరుగున వచ్చి ఇంకో పిడికెడు మట్టి మెత్తేవాడు. మూడు గంటలు దాటాక, అర్ధరాత్రికి దగ్గర్లో మూత తీశారు. తట్టల్లో వేసుకుని ఇళ్ళకి పరుగు. పులియని రొట్టె, చేదు ఆకు, నిలబడి హడావిడిగా తినడం. ఐగుప్తు వదిలిన రాత్రి ఎలాగో అలాగే.

నాకు పెట్టలేదు. సున్నతి లేనివాడు తినకూడదని ఆ అధ్యాయంలోనే ఉంది. ఆయన ముందే చెప్పి, నొచ్చుకోవద్దన్నాడు. నేను నొచ్చుకోలేదు. తెల్లవారేలోపు మిగిలినదంతా, ఎముకలతో సహా, నిప్పుల్లో వేసి కాల్చేశారు. అది దగ్గరుండి చూశాను.

పొద్దున్నే హోలోన్ చేరాను. సబా మేలుకునే ఉన్నాడు. ఎలా జరిగిందని అడగలేదు. దగ్గరికి రమ్మని నా చొక్కా చేతిని ముక్కు దగ్గరికి లాక్కున్నాడు. పొగ, ఉన్ని, కాలిన కొవ్వు. ఆయన పస్కా పళ్ళెంలో ఎనభై ఏళ్ళుగా ఒక్క ఎముకే చూసిన మనిషి. చాలాసేపు అలాగే పట్టుకుని ఉండి, “ఎముకలు ఏంచేశారు?” అన్నాడు. కాల్చేశారని చెప్పాను. తలూపాడు. ఆ చొక్కాని వారం దాకా నన్ను ఉతకనివ్వలేదు.