ఆటను తూచిన కలాలు

సినిమా సమీక్షలు చదువుతూ పెరిగిన నాకు, వీడియో గేములకు కూడా సమీక్షకులు ఉంటారని తెలిసినప్పుడు నవ్వు వచ్చింది. ఆ వృత్తి ఎలా పుట్టిందో చదివాక ఆ నవ్వు నిలవలేదు.

1979లో అమెరికాలోని 'వీడియో' పత్రికలో 'ఆర్కేడ్ ఆలీ' అనే శీర్షిక మొదలయింది. రాసినవారు బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్. సైన్సు ఫిక్షన్ అభిమానులు తమలో తాము పంచుకునే చిన్నపత్రికలతో వారిద్దరికీ గాఢమైన పరిచయం. మన లిఖితపత్రికలను ఎరిగినవారికి ఆ శిక్షణ విలువ వేరే చెప్పనక్కరలేదు. 1981లో జాయిస్ వోర్లీతో కలిసి వారు 'ఎలక్ట్రానిక్ గేమ్స్' స్థాపించారు. ఆటగాళ్ల కోసం, కేవలం వీడియో ఆటల గురించే అమెరికాలో వెలువడిన తొలి పత్రిక అది. ఆటను ఏ మాటలతో అంచనా కట్టాలో చూపే పూర్వులెవరూ లేరు.

అయితే పత్రికకు ప్రకటనలిచ్చేది కూడా ఆ గేములను అమ్మే సంస్థలే. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లున్న అమెరికా గృహ వీడియో గేముల వ్యాపారం, 1985 నాటికి 10 కోట్లకు కుప్పకూలింది. ఆ ఏడే పత్రిక పేరు మార్చుకుని, కొద్ది కాలానికే మూతపడింది.

1992లో ఆ ముగ్గురే దాన్ని మళ్లీ నిలబెట్టారు. కుంకెల్ 2005లో తన జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చి, 2011లో కన్నుమూశాడు.

తూచవలసిన సరుకే తనకు అన్నం పెడుతున్నప్పుడు తక్కెడను సరిగా పట్టుకోవడం ఎలా? గేముల విలేఖరి కాదలచిన ప్రతివారికీ ఆ తొలితరం వదిలివెళ్లిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం.