బాలింతను ఏ భాషలో అడగాలి?

జయపురం నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలో కొట్పాడ్ తగులుతుంది. తొగరు చెట్టు వేరు పట్టతో నూలుకు రంగు పట్టించి మిర్గాన్ నేతగాళ్లు నేసే బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు తెచ్చిన ఊరు ఇది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కొట్పాడ్ చుట్టుపక్కల దేశియా, భత్రి, ఒడియా మాట్లాడతారు. 1992లో కొరాపుట్ నుంచి విడిపోయిన రాయగడ వైపు వెళితే తెలుగు, దాని దగ్గరి చుట్టమైన కువి వినబడతాయి. ఇన్ని భాషల నడుమ పురుడు పోసుకున్న స్త్రీని ‘నీ మనసెలా ఉంది?’ అని ఏ మాటల్లో అడగాలి? ఆ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. దాన్ని ఇక్కడ సంగ్రహంగా పరిశీలిద్దాం.

ముందు మన పదజాలం చూద్దాం. చూలాలు, పురుడు, బాలింత, పథ్యం – కాన్పు చుట్టూ తెలుగులో మాటలకు కరువు లేదు. జబ్బులకూ పేర్లున్నాయి: బాలింత వాతం, బాలింత సన్ని. అయితే ఈ పేర్లు జ్వరాన్ని, సంధి ప్రేలాపనను, అంటే నలుగురికీ కనబడే రోగాన్ని చెబుతాయి. బిడ్డకు పాలిస్తూ, చెప్పిన పని చేస్తూ లోలోపల కుంగిపోయే మనిషి స్థితికి అలాంటి ప్రత్యేకమైన పేరు లేదు. దిగులు, బెంగ అంటాం. లేదా దిష్టి తగిలిందంటాం. పేరు లేనిదాన్ని గుర్తుపట్టడం ఇంటివాళ్లకూ కష్టం, వైద్యులకూ కష్టం.

ఈ లోపం మన ఒక్కరిదే కాదు. ఫ్రాన్సులో లూయీ విక్టర్ మార్సే గర్భిణులకు, బాలింతలకు వచ్చే ఉన్మాదంపై 1858లో పెద్ద గ్రంథమే రాశారు. నిశ్శబ్దమైన కుంగుబాటు సంగతి తేలడానికి మరో నూరేళ్లు పట్టింది. లండన్‌లో బ్రైస్ పిట్ 305 మంది తల్లులను పరిశీలించి, సుమారు 11 శాతం మంది అలా బాధపడుతున్నారని 1968లో ప్రకటించారు. ఉగాండాలో పనిచేసిన జాన్ కాక్స్ అక్కడివారు ‘అమకీరో’ అని పిలిచే బాలింత జబ్బు గురించి 1979లో రాశారు. మన బాలింత సన్నికి అది దూరపు చుట్టంలా అనిపిస్తుంది. స్కాట్లాండులో ఆయన, జెని హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ కలిసి 1987లో పది ప్రశ్నల పట్టిక వెలువరించారు. అదే ఎడిన్‌బరో కొలమానం.

దాని పద్ధతి తేలిక. గడచిన 7 రోజుల్లో మనసు ఎలా ఉందో అడుగుతారు. ఒక్కో జవాబుకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. వైద్యుడు ఇంకా మాట్లాడి తేల్చుకోవాలని అర్థం.

చిక్కు భాష దగ్గర వస్తుంది. ఆరో ప్రశ్నలో ఇంగ్లీషు నుడికారం ఒకటుంది. మాటకు మాట పెడితే ‘అన్నీ నా మీదికి వస్తున్నాయి’ అవుతుంది. మన పల్లెలో ఆ మాట వింటే ఎవరో కొట్టడానికి వచ్చారనుకుంటారు. ‘ఏ పనీ తట్టుకోలేకపోతున్నాను’ అంటే భావం అందుతుంది. మాట మారితే లెక్కా మారుతుంది. ఎడిన్‌బరోలో 12 దాటితే శ్రద్ధ పెట్టాలన్నారు. గోవాలో కొంకణి పట్టికకు 11 దాటితే అన్నారు. వేలూరు వద్ద 2005 నాటి తమిళ పట్టికకు 8 దాటితేనే చాలన్నారు. కాబట్టి అనువాదం ఒక్కటే చాలదు. ఆ భాష మాట్లాడే తల్లుల మధ్య దాన్ని మళ్లీ పరీక్షించి తీరాలి. చదువు రాని తల్లికి ప్రశ్నలు చదివి వినిపించాలి. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే నిజమైన జవాబు రాదు. గోవా అధ్యయనంలో నూటికి 23 మంది తల్లులు కుంగుబాటుతో ఉన్నారు. కొడుకు కోసం ఎదురుచూసిన ఇంట ఆడపిల్ల పుట్టడం అక్కడ కనబడిన కారణాల్లో ఒకటి. అలాంటి కారణాన్ని అత్తగారి ఎదుట ఏ కోడలు చెబుతుంది?

కొట్పాడ్‌కు దగ్గరి పాఠం ఒడిశాలోనే, ఉత్తరాన కేంఝర్‌లో, దానిని ఆనుకున్న జార్ఖండ్ జిల్లాల్లో దొరుకుతుంది. ‘ఏక్‌జుట్’ సంస్థ 2005 నుంచి 2008 వరకు అక్కడి ఆదివాసీ పల్లెల్లో మహిళా సంఘాలు నడిపింది. స్థానిక స్త్రీలే బొమ్మలు చూపి, కథలు చెప్పి కాన్పు కష్టాలను చర్చకు పెట్టారు. నవజాత శిశుమరణాలు 32 శాతం తగ్గాయి. తల్లుల కుంగుబాటు మొత్తం మీద తగ్గకపోయినా, మూడో ఏట మధ్యస్థాయి కుంగుబాటు 57 శాతం తగ్గింది. ఎదుటి మనిషి తన మాటే మాట్లాడుతున్నదని నమ్మకం కుదరడానికి ఆ మాత్రం కాలం పడుతుంది కాబోలు.

కొరాపుట్ కొండల్లో ఈ నమ్మకం కుదిరే చోటు ఆశా కార్యకర్త వాకిలి. మారుమూల పల్లెల గర్భిణులు కాన్పుకు ముందే వచ్చి ఉండే ‘మా గృహ’లూ అలాంటివే. పది ప్రశ్నలు అక్కడ, దేశియాలోనో కువిలోనో వినిపించాలి. తండ్రులనూ మరవరాదు, ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసిన 2010 నాటి సమీక్ష ప్రకారం పదిమందిలో ఒక తండ్రి కుంగుబాటుకు లోనవుతున్నాడు.

తెలుగు నేలకు దూరంగా ఉన్న మన విద్యార్థులకు ఈ సంగతి మరింత దగ్గరిది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 2006లోనే ఈ పరీక్షను చట్టం చేసింది. అక్కడి ఆసుపత్రిలో తెలుగు తల్లి చేతికి ఇంగ్లీషు కాగితం ఇస్తే, ఆమె మర్యాదగా అన్నిటికీ ‘బాగున్నాను’ అని గీత పెట్టి ఇచ్చేయవచ్చు. ముఖ్యంగా పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించినది. దానికి అవునన్న తల్లిని ఆ రోజే వైద్యుడి దగ్గరికి చేర్చాలి. ఆ ఒక్క ప్రశ్న అర్థం కాకుండా పోతే పోయేది మార్కు కాదు, మనిషి. కనుక భాషాశాస్త్రం చదివేవారు ఈ పట్టికను వైద్యులకే వదిలేయరాదని మా మనవి. మీ ఇంట్లో బాలింత తన బాధను ఏ మాటతో చెప్పుకుంటుందో ముందు వినండి, రాసి పెట్టండి. ప్రశ్నకు సరైన మాట అక్కడే దొరుకుతుంది.