మన తేదీలు ఎవరి చేతిలో?

తెలుగిళ్లలో కాలానికి రెండు లెక్కలుండేవి. ఒకటి పంచాంగం. రెండోది వంటింటి గోడకి మేకుకు వేలాడే క్యాలెండరు. పంచాంగం పురోహితుడి చేతిలోనో, ఇంటిపెద్ద చేతిలోనో ఉండేది. ముహూర్తాలూ, ప్రయాణాలూ, ఆబ్దికాలూ అందులోంచే వచ్చేవి. క్యాలెండరు మాత్రం ఆడవాళ్ల పెన్సిలుకి వదిలేశారు. మొదటిదాన్ని పట్టుబట్టలో చుట్టి దాచారు. రెండోది జనవరి రాగానే పిల్లల నోటుపుస్తకాలకి అట్టగానో, అలమరలో డబ్బాల కింద పరుపుగానో మారిపోయేది. మన ఇళ్ల చరిత్రలో సగం అలా చిరిగిపోయింది.

ఆ కాగితం మీద ఏముండేదో మనందరికీ తెలుసు. పాలు పోయించుకోని రోజులకి ఇంటూ మార్కు. చాకలిపద్దు. గ్యాసు బండ మార్చిన తేదీ. చీటీ కట్టాల్సిన రోజు. పనిమనిషి నాగాలు. పిల్లల టీకాలు, స్కూలు ఫీజులు. ఆడబడుచు పురిటికి వచ్చే నెల. వీటన్నిటి మధ్యా ఎవరికీ అర్థం కాకూడని ఒక చిన్న చుక్క. నెలసరి వచ్చిన రోజు అది. ఇల్లంతా చూసే గోడ మీద మన అమ్మలు తమ సొంత సంగతిని అలా దాచుకున్నారు. అందరికీ కనబడేదీ, ఒక్కరికే అర్థమయ్యేదీ ఒకే కాగితం మీద ఉండేవి. ఈ వ్యాసం ఆ చుక్క గురించే.

ఆ చుక్క ఎందుకు అవసరమైందో తెలియాలంటే పంచాంగం తెరవాలి. ఆడపిల్ల పెద్దమనిషి అయిన వారం, తిథి, నక్షత్రం, వేళ చూసి ఫలితం చెప్పే పట్టికలు అందులో ఉండేవి. ఏ రోజైతే సౌభాగ్యం, ఏ రోజైతే వైధవ్యం అని ఆ పట్టికలే తేల్చేవి. పన్నెండేళ్ల పిల్ల ఒంట్లో జరిగిన మార్పుకి పురోహితుడు టైము రాసుకుని తీర్పు చెప్పేవాడు. మన దేహాల తారీఖులు మనకంటే ముందు వేరేవాళ్ల పుస్తకంలోకి ఎక్కడం ఫోన్లతో మొదలవలేదన్నమాట.

స్వతంత్ర దేశం కూడా కాలాన్ని సంస్కరించాలనుకుంది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఏర్పడింది. దేశంలో దాదాపు ముప్ఫై రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నట్టు తేల్చి, 1955లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండరు అమల్లోకి వచ్చింది. సూర్యుడి గతి, అయనాంశ, పండుగల తేదీలు, అన్నీ శ్రద్ధగా లెక్కగట్టారు. ఆ సంఘంలో ఒక్క స్త్రీ కూడా లేదు. పండుగ ఏ రోజో వాళ్లు తేల్చారు గానీ, ఆ పండక్కి ఎన్ని రోజుల ముందునుంచి ఎవరు పప్పులు నానబెట్టాలో ఏ లెక్కలోకీ రాలేదు.

ఆ లెక్క రావడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా కాలవినియోగ సర్వే చేశారు. అందులో మన రాష్ట్రం లేదు. దేశమంతటా జరిగిన మొదటి సర్వే 2019లో. జీతం లేని ఇంటిచాకిరీకి అందులో పాల్గొనే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అది చెప్పింది. రోజుకి ఐదు గంటలు! ఆ అంకె చూసి ఆశ్చర్యపోయినవాళ్లు వంటింటి గోడను ఎప్పుడూ చదవనివాళ్లే. అయినా ఆ ఐదు గంటల్లో ఒక పని చేరిందా అని నాకు అనుమానమే. గుర్తుపెట్టుకునే పని. బండ ఎప్పుడు అయిపోతుందో, మందులు ఎన్నాళ్లకి వస్తాయో బుర్రలో నడుపుతూ ఉండే పనిని ఏ గడియారంతో కొలుస్తారు?

ఈ ప్రశ్న నాకు ఇంట్లోనే ఎదురైంది. మేం మధురానగర్‌లో ఉంటాం. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు అంతస్తుల కొద్దీ వేలాడుతుంటే, ఆ కోర్సులకి వచ్చే అమ్మాయిల హాస్టళ్లు మా సందుల్లో ఉంటాయి. 2019 మార్చిలో ఇక్కడ మెట్రో ఆగడం మొదలైంది. ఆడవాళ్ల స్టేషను అని దానికి 'తరుణి' అని పేరు పెట్టారు. తరుణి, తరుణం అని పక్కపక్కన తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. తరుణికి తన తరుణం మీద హక్కు ఎప్పుడొచ్చిందని?

అమ్మకి పక్షవాతం వచ్చాక అన్నయ్య, చెల్లి, నేను ముగ్గురం వంతులు వేసుకోవాల్సి వచ్చింది. ఫిజియోథెరపీ, బీపీ మాత్రలు, రాత్రి తోడు, ఆసుపత్రి. గోడ క్యాలెండరు మూడిళ్లలో వేలాడదు కదా. ముగ్గురి ఫోన్లలోనూ కనిపించే ఒక క్యాలెండరు కావాలి. "అందరూ వాడేదే పెట్టేద్దాం, ఫ్రీయే కదా" అన్నాడు అన్నయ్య. గూగుల్ క్యాలెండర్ 2006 నుంచీ ఉంది, బాగానే పనిచేస్తుంది. కానీ అమ్మ మలమూత్రాల వివరం దగ్గర్నుంచి చెల్లి గైనకాలజిస్టు అపాయింట్‌మెంటు వరకూ అందులోకి ఎక్కబోతున్నాయి. ఆ ఫ్రీకి ఖరీదేమిటో అడగాలనిపించింది.

ఖరీదు ఎలా ఉంటుందో ఆ చుక్కే చెప్పింది. నెలసరి లెక్కలు రాసుకునే ఫ్లో అనే యాప్, వాడేవాళ్ల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకి చేరవేసిందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి రావాల్సి వచ్చింది. మరుసటేడు, 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు అబార్షన్‌కి ఉన్న రాజ్యాంగ రక్షణని కొట్టేసింది. నెల తప్పిన తేదీ పోలీసులకి సాక్ష్యం కావచ్చన్న భయంతో అక్కడి ఆడవాళ్లు ఆ యాప్‌లు తీసేసుకున్నారు. పంచాంగం పట్టికే మళ్లీ వచ్చినట్టు లేదూ? ఈసారి చదివేది పురోహితుడు కాదు, అంతే తేడా.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే ఉచితమనీ అర్థం, స్వేచ్ఛ అనీ అర్థం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పటినుంచీ ఆ రెంటికీ తేడా చెప్పలేక వాళ్లు అవస్థ పడుతూనే ఉన్నారు. మనకా ఇబ్బంది లేదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. ఆ మాట మన చెవికి కొత్త కాదు. 1987లోనే ఓల్గా తన నవలకి ఆ పేరు పెట్టింది. ఒక ఇంట్లో అన్నీ అమర్చి ఉన్నా ఊపిరాడకపోవడం ఏమిటో అప్పట్నుంచీ మాట్లాడుకుంటున్న మనకి, ఉచితంగా అన్నీ అమర్చిపెట్టే కంపెనీ దగ్గర అదే ప్రశ్న వేయడం కష్టం కాదు.

ఎంచుకోవడానికి కూర్చున్నప్పుడు మూడు సంగతులు తెలిశాయి. ఒకటి, తేదీలు రాసే పద్ధతి ఏ కంపెనీ సొంతమూ కాదు. 1998లో వచ్చిన ఐక్యాలెండర్, 2007లో వచ్చిన క్యాల్‌డావ్ అనే ప్రమాణాలు అందరివీ. వాటిని పాటించే క్యాలెండరులోంచి మన తేదీలన్నీ మూటగట్టుకుని ఇంకోదానిలోకి మారొచ్చు. రెండు, ఓపెన్ సోర్స్ అంటే లోపల ఏం జరుగుతోందో తెలిసినవాళ్లెవరైనా తెరిచి చూడొచ్చు. పొదుపు సంఘాల్లో పుస్తకం అందరి ముందూ చదివినట్టు. చదువురాని సభ్యురాలికి కూడా, చదివి చెప్పేవాళ్లున్నారన్న ధీమా ఉంటుంది. మూడు, తెరిచి ఉన్న ప్రోగ్రామంటే మన రాతలు భద్రమని కాదు. 2016లో వచ్చిన నెక్స్ట్‌క్లౌడ్‌ని మన సొంత కంప్యూటర్లో నడుపుకోవచ్చు, కానీ దాన్ని నడిపే మనిషికి అందరి తేదీలూ కనిపిస్తాయి. ఈటీసింక్ వంటివాటిలో ఫోను దాటకముందే రాతకి తాళం పడుతుంది. సర్వర్ నడిపేవాళ్లకి కూడా చదవడం రాదు.

మా ఇంట్లో సర్వర్ నడపగలిగింది అన్నయ్యే. కాబట్టి మేం తాళం ఉన్నదాన్నే ఎంచుకున్నాం. నాకు అన్నయ్య మీద అనుమానం లేదు. అయినా చెల్లి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తుందో అతనికి తెలియాల్సిన పని లేదు. ప్రైవసీ అనగానే కంపెనీల నుంచి, ప్రభుత్వం నుంచి అని రాస్తారు. మన తెలుగు నేల మీద ఆ మాట కోర్టుకెక్కింది భర్త విషయంలో. 1983లో టి. సరీత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, కాపురానికి రమ్మని భార్యని కోర్టు శాసించడం ఆమె గోప్యతకి, దేహం మీద ఆమె హక్కుకి భంగమని తీర్పు చెప్పారు. హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ చెల్లదన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్ని నిలబెట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జిలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పినప్పుడు, ఇంటి గుట్టు పేరుతో ఆడవాళ్ల మీద పెత్తనాన్ని కప్పిపుచ్చకూడదన్న స్త్రీవాదుల విమర్శనీ చర్చించారు. ఎంత గట్టి తాళమైనా, పాస్‌వర్డు చెప్పమని భార్యని నిలదీసే భర్త ముందు పనిచేయదు. మా సందులోని హాస్టళ్లలో అమ్మాయిలు రాత్రి ఎన్నింటికి వచ్చారో రిజిస్టర్లో సంతకం పెడతారు. ఆ పుస్తకాన్ని తల్లిదండ్రులు చూడొచ్చు, ఆ అమ్మాయిలు మాత్రం ఎవరి రాకపోకలూ అడగలేరు. పంచుకోవడం రెండువైపులా జరిగితేనే ఆ మాట వాడాలి.

అందుకని మేం రెండు క్యాలెండర్లు పెట్టుకున్నాం. ఒకటి అమ్మది, ముగ్గురికీ కనిపిస్తుంది, ముగ్గురూ రాయొచ్చు. రెండోది ఎవరిది వాళ్లది. దాన్నుంచి మిగతావాళ్లకి 'ఖాళీ లేదు' అన్న మాట వరకే తెలుస్తుంది. ఎందుకు ఖాళీ లేదో ఎవరూ అడగకూడదన్నది ఒప్పందం. ఆ పాత చుక్కకి ఇన్నాళ్లకి సొంత కాగితం దొరికింది.

నాన్న ఆబ్దికం దగ్గర మాత్రం ఇబ్బందొచ్చింది. మామూలు క్యాలెండర్లకి తిథులు తెలియవు. ఏటా ఫలానా మాసం బహుళ పంచమి అని రాస్తే దానికి అర్థం కాదు. అధికమాసం వస్తే అసలే కాదు. చాంద్రమాన పద్ధతుల్లో మళ్లీ మళ్లీ వచ్చే తేదీల్ని రాయడానికి 2015లో ఒక ప్రమాణం తెచ్చారు గానీ, దాన్ని పాటించే ప్రోగ్రాములు తక్కువే. కాబట్టి ప్రతి ఉగాదికీ పంచాంగం చూసి చేత్తో ఎక్కించాలి. ఈసారి ఆ పంచాంగం చెల్లి చేతిలో ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది తర్వాత బయటపడింది. మొదటి నెలలో ప్రతి పని పక్కనా చేసేవాళ్ల పేరుంది. అన్నయ్య తన వంతు పనులు చేశాడు కూడా. కానీ ఆ పనుల్ని గుర్తుంచుకుని, తేదీ చూసి, అందులో రాసింది మేమిద్దరమే. చేసేది అతనైనా తలుచుకునేది మేమే. గోడ మీద పెన్సిలు ఎవరి చేతిలో ఉండేదో ఫోనులోనూ వాళ్ల చేతిలోనే ఉంది. చెల్లి ఆ మాట పైకే అంది. "అన్నయ్యా, మాత్రలు నువ్వు తెస్తున్నావు, సరే. అయిపోతున్నాయని నీకెవరు చెప్తున్నారు?" అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు మందుల డబ్బా అతనే తెరిచి లెక్కపెడతాడు, తేదీ అతనే రాస్తాడు. రెండుసార్లు ఆలస్యమైంది. ఆ రెండుసార్లూ మేం గుర్తుచేయలేదు, మాత్రలు లేవని అమ్మే ఫోన్ చేసి అడిగింది. మూడోసారి ఆలస్యం కాలేదు.