ఒకే డిస్కు, పలు చిట్టాలు

మాకింటోష్ కంప్యూటరులో సిద్ధపరచిన హార్డు డిస్కును విండోస్ కంప్యూటరుకు తగిలించినచో, దీనిని వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెనని యంత్రము అడుగును. తెలియక సరేనన్నవారికి ఏండ్ల తరబడి కూర్చుకొన్న ఫోటోలు, కాగితములు చేజారిపోవును. విండోస్ డిస్కును మాకింటోష్‌కు తగిలించినచో అందలి ఫైళ్ళు చదువుటకు వచ్చును గాని, సాధారణముగా క్రొత్తది వ్రాయ వీలుపడదు. డిస్కు చెడలేదు, తీగ చెడలేదు. మరి ఇట్లేల జరుగుచున్నది?

డిస్కు మీద ఉండునవి సున్నలు, ఒకట్లు మాత్రమే. ఏ ఫైలు ఎచ్చట మొదలై, ఏ గడులలో సాగి, ఎచ్చట ముగియునో తెలుపుటకు వేరుగా ఒక పట్టిక ఉండును. పూర్వము గ్రామమున భూమి అందరి కంటికిని కనిపించెడిదే. ఏ చెక్క ఎవరిదో చెప్పునది మాత్రము కరణముగారి చిట్టా. ఆ చిట్టా వ్రాసిన తీరు తెలియని వానికి ఊరంతయు బీడుగా తోచును. ఫార్మాటు చేయుట యనగా పాత చిట్టాను త్రోసివేసి క్రొత్త చిట్టా తెరచుట.

ఈ చిట్టాలలో మిక్కిలి ప్రచారమునకు వచ్చినది 'ఫ్యాట్'. దీనిని 1977లో మైక్రోసాఫ్ట్ సంస్థలో మార్క్ మెక్‌డొనాల్డ్ రూపొందించెను. 1980లో టిమ్ పాటర్సన్ ఆ భావమును తన 86-డాస్‌లో వాడెను. దాని నుండి పుట్టిన డాస్‌తో 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వెలువడగా, ఫ్యాట్ లోకమెల్ల వ్యాపించెను. అది మిక్కిలి సరళమైనది. కనుకనే ఇతర యంత్రములును, తరువాత కెమెరాలును దానిని చదువ నేర్చినవి. 1996లో వచ్చిన ఫ్యాట్-32లో ఫైలు పొడవును 32 బిట్లలో వ్రాయుదురు. అందుచే ఒక్కొక్క ఫైలు 4,29,49,67,295 బైట్లను మించరాదు. ఆనాడు అది తరుగని సంఖ్యయే. కాని 470 కోట్ల బైట్లు పట్టు డి.వి.డి.ని ఒకే ఫైలుగా అందుంచ సాధ్యము కాదు!

ఈలోగా ఎవరి చిట్టా వారిదైనది. ఆపిల్ సంస్థ 1985లో హెచ్.ఎఫ్.ఎస్.ను, 1998లో దాని పెద్ద రూపమును, 2017లో ఏ.పి.ఎఫ్.ఎస్.ను తెచ్చెను. 1993లో విండోస్ ఎన్.టి.తో ఎన్.టి.ఎఫ్.ఎస్. వచ్చెను. ఉచితముగా లభించు లినక్స్‌కు 1992 నుండి ఎక్స్‌ట్ వరుస కలదు. ఎన్.టి.ఎఫ్.ఎస్. నిర్మాణమును మైక్రోసాఫ్ట్ పూర్తిగా ప్రకటింపలేదు; లినక్స్‌వారు డిస్కులను పరిశీలించి దాని గుట్టు ఊహింపవలసి వచ్చెను. 2007లో ఎన్.టి.ఎఫ్.ఎస్.-3జి అను ప్రోగ్రాము సిద్ధమైన పిదపనే వారికి అందు నమ్మకముగా వ్రాయుట అలవడినది.

2006లో మైక్రోసాఫ్ట్ 'ఎక్స్‌ఫ్యాట్'ను వెలువరించెను. ఫైలు పరిమాణపు చిక్కు దీనితో తీరినది. 2009లో పెద్ద మెమరీ కార్డుల ప్రమాణమున దీనిని చేర్చిరి. 2010లో మాకింటోష్‌కును అందెను. లినక్స్‌కు మాత్రము త్రోవ తెరువబడలేదు. అడ్డమైనది విజ్ఞానము కాదు, పేటెంటు. లినక్స్ వాడిన టామ్‌టామ్ అను దారి చూపు యంత్రముల సంస్థపై 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ దావా వేసెను. అందలి పేటెంట్లలో కొన్ని పాత ఫ్యాట్‌లోని పొడుగు పేర్లకు సంబంధించినవి. మరుసటి నెలలోనే రాజీ కుదిరెను గాని భయము మిగిలెను. తుదకు 2019 ఆగస్టులో మైక్రోసాఫ్టే ఎక్స్‌ఫ్యాట్ వివరములను ప్రకటించి, లినక్స్‌లో చేర్చుటకు సమ్మతించెను. ఆ నవంబరులో అది లినక్స్ 5.4లో చేరెను, 2020లో శాంసంగ్‌వారి మెరుగైన ప్రోగ్రాము దాని స్థానమున వచ్చెను. ఇంజనీర్లు కొన్ని నెలలలో తీర్చగల పనికి పదమూడేండ్లు పట్టినది.

ఇప్పుడు మూడు వ్యవస్థలకును పొసగు డిస్కు కావలెనన్న ఎక్స్‌ఫ్యాటే సులభమైనది. అయితే జరుగుచున్న మార్పులను ముందుగా నమోదు చేసికొను దినచర్య పుస్తకము ఎన్.టి.ఎఫ్.ఎస్.లో వలె దీనిలో లేదు. కావున వ్రాయుచుండగా తీగ పెరికినచో చిట్టా తారుమారు కావచ్చును. ఇదివరకే నిండియున్న డిస్కును దీనికి మార్చుటన్నను ఫార్మాటు చేయుటయే. ముందుగా అందలి ఫైళ్ళన్నింటిని వేరొక డిస్కుకు ఎక్కించుకొనవలెను.