ఫ్లైయాష్ ఇటుకల యంత్రం నిర్వహణ

ఫ్లైయాష్ ఇటుకల యంత్రం నిర్వహణ అనగా థర్మల్ విద్యుత్కేంద్రాల బూడిదతో ఇటుకలు చేసే యంత్రాలను శుభ్రపరచడం, కందెన వేయడం, అరిగిన భాగాలను మార్చడం, ప్రమాదాలు జరగకుండా చూడటం వంటి నిత్యకృత్యాల సముదాయం. ఈ యంత్రంలో కలిపే మిశ్రమానికి రెండు గుణాలున్నాయి: నీరు తగిలిన తరువాత తనంతట తానే గట్టిపడుతుంది, ఇనుమును అరగదీస్తుంది. నిర్వహణ పద్ధతులన్నీ ఈ రెండు గుణాలను అనుసరించి ఏర్పడ్డాయి.

నేపథ్యం

ఫ్లైయాష్ ఇటుకను బట్టీలో కాల్చరు. బూడిద, సున్నం, జిప్సం లేదా సిమెంటు, ఇసుక లేక రాతిపొడి కలిపి, అచ్చులో నొక్కి, ఆరిన తరువాత నీటితో తడుపుతూ గట్టిపరుస్తారు. ఫాల్-జి అనే విధానాన్ని విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ రూపొందించారు. 1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ థర్మల్ కేంద్రాల పరిసరాలలోని ఇటుకల తయారీలో బూడిద వాడకాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు జారీచేసింది. ఆ తరువాత ఈ యంత్రాలు చిన్న పరిశ్రమలుగా విస్తరించాయి.

ప్రధాన భాగాలు

* పాన్ మిక్సరు: ముడిసరుకులను కలిపే గుండ్రని తొట్టి. ఇందులో బరువైన రోలర్లు, అడుగును గీకే పలకలు తిరుగుతుంటాయి.
* కన్వేయరు: మిశ్రమాన్ని ప్రెస్సు వద్దకు చేర్చే బెల్టు.
* ప్రెస్సు: అచ్చు, దానిలోకి దిగే ప్లంజర్లు ఉన్న భాగం.
* హైడ్రాలిక్ యూనిట్: నూనె ట్యాంకు, పంపు, వాల్వులు, గొట్టాలు. ఇది పాస్కల్ సూత్రం ఆధారంగా పనిచేస్తుంది.

రోజువారీ పనులు

అన్నిటికంటే ముఖ్యమైనది సాయంకాలపు శుభ్రత. పని ముగిసిన వెంటనే మిక్సరు, బెల్టు, అచ్చులలో అంటుకున్న మిశ్రమాన్ని గీకి, కడిగివేయాలి. అప్పుడు కొద్దిసేపటిలో పూర్తయ్యే ఈ పనిని మరునాటికి వదిలితే, మిశ్రమం రాయిలా బిగిసిపోతుంది. దానిని ఉలి, సుత్తితో కొట్టి తీయవలసి వస్తుంది. ఆ దెబ్బలకు తొట్టి అడుగు పలకలు పగులుతాయి. కార్మికుడు తొట్టిలోకి దిగి ఎక్కువసేపు పనిచేయక తప్పదు. కడిగేటప్పుడు మోటారు మీద, విద్యుత్ పెట్టె మీద, నూనె ట్యాంకు మూత మీద నీరు పడకూడదు.

ఉదయం యంత్రాన్ని నడిపే ముందు నూనె మట్టం, బోల్టుల బిగింపు, గొట్టాల లీకులు చూడాలి. ముడిసరుకును జల్లెడ పట్టాలి. రాతిపొడిలో వచ్చే మేకు ముక్క ఒక్కటి చాలు, అచ్చు గోడపై గాటు పడటానికి.

వారం, నెలవారీ పనులు

బేరింగులకు తయారీదారు చెప్పిన మోతాదులో గ్రీజు పెట్టాలి. అతిగా పెట్టినా బేరింగు వేడెక్కుతుంది. గ్రీజు పెట్టే ముందు నిపిల్ పై బూడిదను తుడవాలి. లేకపోతే ఆ బూడిదే లోపలికి చేరి బేరింగును అరగదీస్తుంది. వి-బెల్టుల బిగువు సరిచూడాలి. ఒక బెల్టు తెగితే ఆ జతలోని బెల్టులన్నిటినీ కలిపి మార్చడం మంచిది, ఎందుకంటే సాగిన పాత బెల్టులతో కలిస్తే కొత్తదానిపైనే భారం పడుతుంది.

హైడ్రాలిక్ నూనె పాలవలె తెల్లగా మారితే నీరు చేరినట్లు, నల్లబడి మాడిన వాసన వస్తే వేడికి చెడిపోయినట్లు గ్రహించాలి. ఫిల్టరును గడువు ప్రకారం మార్చాలి.

అచ్చు అరుగుదల

అచ్చు అరిగితే ఇటుక పెద్దదవుతుంది. ఉదాహరణకు 230 × 110 మి.మీ. అచ్చు నాలుగు ప్రక్కలా ఒక్కొక్క మి.మీ. అరిగిందనుకుందాం. ఇటుక కొలత 232 × 112 మి.మీ. అవుతుంది. వైశాల్యం 25,300 నుండి 25,984 చదరపు మి.మీ.కు, అనగా సుమారు 2.7 శాతం పెరుగుతుంది. ఎత్తు మారకపోతే ప్రతి వెయ్యి ఇటుకలకు మరో 27 ఇటుకల సరుకు అదనంగా ఖర్చవుతుంది. ప్లంజరుకు, అచ్చుకు మధ్య సందు పెరగడం వలన అంచులు కూడా సరిగా రావు. అందువలన అచ్చును కొలిచి, ఆ కొలతలను తేదీతో పుస్తకంలో వ్రాసి ఉంచాలి.

లోపాలు - కారణాలు

* ఇటుకల ఎత్తు సమానంగా లేకపోవడం: అచ్చులో సరుకు సమంగా నిండకపోవడం, పీడనం తగ్గడం.
* అంచులు విరగడం: అచ్చు అరగడం, మిశ్రమంలో తేమ తప్పడం.
* పంపు గరగర శబ్దం చేయడం: నూనె తగ్గడం, ఫిల్టరు మూసుకుపోవడం, గాలి చేరడం.

భద్రత

మిక్సరులోకి దిగే ముందు మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవిని దిగే వ్యక్తే తన దగ్గర ఉంచుకోవాలి. బటన్ ఆపడం మాత్రమే చాలదు. లోపల మనిషి ఉన్న సంగతి తెలియక మరొకరు బటన్ నొక్కే ప్రమాదం ఉంటుంది. కరెంటు పోయినప్పుడు యంత్రం ఆగింది కదా అని చేయి పెట్టరాదు. తిరిగి కరెంటు రాగానే అది కదలవచ్చు. అచ్చు క్రింద పనిచేసేటప్పుడు ప్లంజర్లకు గట్టి ఊత పెట్టి, నూనె పీడనాన్ని విడుదల చేయాలి. గొట్టంలో లీకును చేతితో వెదకరాదు. సూది రంధ్రం నుండి వచ్చే నూనె ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. అట్ట ముక్కతో వెదకాలి. యంత్రం తిరిగే చోట వదులుగా వ్రేలాడే తువ్వాలు, పైట ఉండకూడదు.

ఫ్లైయాష్, రాతిపొడిలలో సిలికా ఉంటుంది. ఆ ధూళిని ఏళ్ళ తరబడి పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కనుక పొడి బూడిదను గాలితో ఊదకుండా, తడిపి తీయాలి. సరైన మాస్కు ధరించాలి.

ఇవి కూడా చూడండి

* ఇటుక
* థర్మల్ విద్యుత్కేంద్రం
* పాస్కల్ సూత్రం
* సిలికోసిస్