పాత పత్రికలలో ‘సంఘం’

కలకత్తా నగరపు నైరుతి భాగంలో, ఖిద్దిర్‌పూర్ రేవుకు చేరువగా ఉన్న పేట ఏక్‌బాల్‌పూర్. డైమండ్ హార్బర్ రోడ్డు దాటి తూర్పుగా వెళితే అలీపూర్; అక్కడి బెల్వెడేర్ ఆవరణలో జాతీయ గ్రంథాలయం 1953 నుండి ఉన్నది. పడమటి దిక్కున గార్డెన్ రీచ్, ఒకనాటి బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే ప్రధాన కార్యాలయం. ఇటువంటి చోట నలుగురు కూడి ఏర్పరచుకొన్న వ్యవస్థకు ఒక్కొక్క భాషలో ఒక్కొక్క పేరు వినిపిస్తుంది. ఉర్దూ మాట్లాడేవారికి అది అంజుమన్, బెంగాలీలకు సమితి లేదా సంఘ, రేవు కార్మికులకు యూనియన్. తెలుగువాడు మాత్రం వీటన్నిటికీ ఒక్క మాటతోనే సరిపెట్టుకొంటాడు: సంఘం. త్రిశరణాలలో మూడవదైన ఈ మాట ఇంత సాధారణమైన మాటగా మారడంలో పత్రికల పాత్ర చిన్నది కాదు.

1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ని ప్రారంభించాడు. 1878లో రాజమహేంద్రవరంలో ఆయన నెలకొల్పినది సంఘసంస్కరణ సమాజం. ఈ పేరులోని రెండు మాటలనూ గమనించాలి. సంస్కరింపబడవలసిన జనసముదాయం సంఘం. అందుకు పూనుకొన్న కొద్దిమంది కూటమి సమాజం. నేటి వాడుకలో ఈ అర్థాలు చాలవరకు తారుమారయ్యాయి. జనసముదాయాన్ని సమాజం అంటున్నాము, కూటమిని సంఘం అంటున్నాము. బ్రహ్మసమాజం, ఆర్యసమాజం అన్న పేర్లు మాత్రం పాత అర్థాన్ని పట్టుకొని నిలిచాయి. పాత సంచికలు చదివేవారు ఈ తేడాను మరచితే, సంఘదురాచారమన్న మాట ఏదో ఒక సభ చేసిన తప్పిదంగా తోచే ప్రమాదమున్నది.

అనాగారిక ధర్మపాలుడు 1891లో కొలంబోలో స్థాపించిన సంస్థ మరుసటి ఏడే కలకత్తాకు తరలివచ్చి, అక్కడి నుండి తన పత్రికను వెలువరించింది. ఖిద్దిర్‌పూర్ రేవు తెరచుకొన్నదీ ఆ 1892లోనే. ఆ సంస్థకు భారతీయ భాషలలో స్థిరపడిన పేరు మహాబోధి సభ. గృహస్థులు కూడా చేరిన సంస్థను బౌద్ధ సంప్రదాయం ఎరిగినవారు సంఘమనడానికి సంకోచించడం సహజమే. ధర్మపాలుడు సైతం ఉపసంపద పొంది సంఘంలో చేరినది 1933లో, తన జీవితపు చివరి ఏడాదిలో.

పత్రికలకు అటువంటి సంకోచం లేకపోయింది. 1921లో హైదరాబాదులో ఆంధ్ర జన సంఘం వెలసింది. అంతకు పదేళ్ల ముందే, 1911లో, భాగ్యరెడ్డి వర్మ మన్య సంఘాన్ని ఏర్పరచాడు. అంటరానితనంపై పోరాడిన ఆయనే హైదరాబాదులో బుద్ధజయంతిని కూడా జరిపించాడన్నది ఈ మాట చరిత్రలో విస్మరించరాని విషయం. 1926లో ట్రేడ్ యూనియన్ చట్టం వచ్చింది. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు తెలుగువాడైన వి. వి. గిరి నాయకత్వం వహించిన కాలమది. కార్మిక సంఘమన్నది ఇక పత్రికలలో నిత్యం కనిపించే మాట అయింది. నలభైలలో తెలంగాణ పల్లెలలో ఏ విశేషణమూ లేకుండా ‘సంగం’ అంటే చాలు, ఆంధ్రమహాసభ అని అర్థమయ్యేది.

ఇది పవిత్రపదానికి పట్టిన పతనమని బాధపడేవారున్నారు. ఆ బాధకు తగిన ఆధారం కనబడదు. బుద్ధునికి పూర్వమే వజ్జుల వంటి గణరాజ్యాలు సంఘాలుగా ప్రసిద్ధి చెందాయి. వినయపిటకంలోని భిక్షుసంఘానికి సభ్యత్వమున్నది, నియమావళి ఉన్నది, నిర్ణయానికి చాలినంత హాజరు ఉండాలన్న నిబంధన ఉన్నది. సంఘకర్మకు కనీసం నలుగురు కావాలి. ఉపసంపదకు మధ్యదేశంలో పదిమంది, ప్రత్యంత ప్రదేశాలలో ఐదుగురు. ముఖ్యమైన కార్యాలలో ప్రతిపాదనను నివేదించి, మూడుమార్లు ప్రకటించేవారు, మౌనమే అంగీకారం. వివాదం తెగనప్పుడు శలాకలు పంచి అభిప్రాయం సేకరించేవారు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేడ్కరు గుర్తుచేసినది ఈ పద్ధతులనే. రుసుము చెల్లించి, తీర్మానానికి చేయెత్తిన రైల్వే కార్మికుడు ఆ పాత అర్థానికి దూరంగా ఏమీ లేడు. దూరంగా జరిగినది వీరేశలింగం కాలపు ప్రయోగమే. ఎవరూ కోరి చేరకుండా, పుట్టుకతోనే సభ్యులయ్యే సంఘమది. భాగ్యరెడ్డి వర్మ ఎదిరించినదీ అటువంటి సంఘాన్నే, అందుకు ఆయన ఏర్పరచిన సాధనమూ సంఘమే.

మరి గృహస్థుల కూటమికి పూర్వం ఏ మాట ఉండేది? 1892లోనే అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన ధాతుకరండాల శాసనాలలో దాతల పేర్లు కూటాలుగా కనిపిస్తాయి. ఆ కూటానికి వాడిన మాట గోఠి, అంటే గోష్ఠి. భట్టిప్రోలు ధాతువు 1920లో కలకత్తా చేరి, కాలేజీ స్క్వేరులోని ధర్మరాజిక చైత్యవిహారంలో ప్రతిష్ఠితమైంది. గోష్ఠి మాత్రం తెలుగు పత్రికలలో సాహిత్య చర్చకు, సాయంకాలపు ప్రసంగానికి పరిమితమైపోయింది.