క్లిప్‌లెస్ పెడల్

బూటు అడుగున బిగించిన క్లీట్‌ను స్ప్రింగుతో పట్టి ఉంచే సైకిల్ పెడల్ ఇది. మడమను బయటికి తిప్పితే వదులుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన లుక్ సంస్థ 1984లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో ఈ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. షిమానో ఎస్పీడీ రకం 1990లో వచ్చింది.

రోడ్డు సైకిళ్ల క్లీట్ మూడు బోల్టులది. అది బూటు కిందికి పొడుచుకొచ్చి నడకకు అడ్డొస్తుంది. ఎస్పీడీ క్లీట్‌కు రెండే బోల్టులు, సోల్‌లో ఒదిగిపోతుంది. 163వ జాతీయ రహదారిపై జనగామ మీదుగా వరంగల్‌కు సైకిల్‌పై వెళ్లేవారు టీకో నీళ్లకో దిగక తప్పదు. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మట్టిదారుల్లో నడిచి ఎక్కాల్సీ వస్తుంది. అందుకే ఇలాంటి దారుల్లో తొక్కే కొత్తవారికి ఎస్పీడీయే మేలు.

క్లీట్‌ను బొటనవేలి మొదటి కీలుకు కాస్త వెనగ్గా అమర్చాలి. వంకరగా బిగిస్తే మోకాలు నొస్తుంది. మొదట్లో పెడల్ స్ప్రింగును అలెన్ కీతో బాగా వదులు చేయాలి. గోడ పట్టుకుని ఒక్కో కాలూ తగిలించి విడిపించడం చేతనయ్యాక ఖాళీ మైదానంలో తొక్కాలి. పడిపోవడం ఎక్కువగా వేగంలో కాదు, ఆగేటప్పుడే. అందుకే బండి ఇంకా కదులుతుండగానే ఒక కాలు విడిపించి, ఆ వైపుకే ఒరగాలి.